ఒకే ప్రోగ్రాం, నా విండోస్‌లో ఒక ఆన్సర్, రూమ్మేట్ ఉబుంటులో ఇంకో ఆన్సర్. తప్పు ఎక్కడుంది?

అనంతపురం_అబ్బాయి

అన్నలూ, అక్కలూ, నాది అనంతపురం పక్కన పల్లె. బీటెక్ మెకానికల్ అయిపోయింది, నాలుగు నెలల కింద బెంగళూరు వచ్చాను. మున్నెకొలాల్‌లో నలుగురం కలిసి రూము తీసుకుని వండుకుంటున్నాం, మారతహళ్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో సీ, సీ ప్లస్ ప్లస్, పైథాన్ నేర్చుకుంటున్నాను. క్లాసులో చెప్పింది రాత్రికి రూములో మళ్లీ చేస్తాను. నాది విండోస్, పక్క మంచం వాడిది ఉబుంటు, అంటే లినక్స్‌లో ఒక రకం. ఒకే ప్రోగ్రాం ఇద్దరం రన్ చేసి చూసుకోవడం అలవాటు, అక్కడే చిక్కొచ్చింది.

మొదటిది ఫ్యాక్టోరియల్. సీలో రాశాను, పెద్ద నంబర్లు వస్తాయని ఇంట్ బదులు లాంగ్ పెట్టాను. 12 వరకు ఇద్దరికీ ఒకటే వస్తోంది. 13 ఇస్తే వాడికి 6227020800, నాకు 1932053504. కోడ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు, పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి ఇచ్చిందే.

రెండోది పాలిండ్రోమ్, అంటే వెనక నుంచి చదివినా ఒకటే వచ్చే మాట. ఫైల్‌లో ఇంగ్లీష్ అక్షరాల్లో మలయాళం అని రాసి, సీ ప్లస్ ప్లస్‌లో గెట్‌లైన్‌తో చదివి, తిప్పి పోలుస్తున్నాను. నా దాంట్లో పాలిండ్రోమ్ అంటోంది. అదే ఫైల్, అదే కోడ్ వాడి దాంట్లో కాదంటోంది. పొడవు ప్రింట్ చేసి చూస్తే నాకు 9, వాడికి 10. ఆ పదో అక్షరం స్క్రీన్ మీద కనపడదు.

మూడోది పైథాన్. రూము ఖర్చుల లెక్క కోసం నేనే మొదలుపెట్టాను. నోట్‌ప్యాడ్‌లో టీ, కూర, ఎంతెంత అయింది అని తెలుగులో రాసి చదివిస్తే నాకు ఏ మీద గీతలున్న పిచ్చి అక్షరాలు వచ్చాయి, పోనీలే అనుకున్నాను. తర్వాత పాలు అని ఇంకో లైన్ చేర్చగానే ప్రోగ్రాం మొత్తం ఆగిపోయి ఎర్రర్ ఇచ్చింది. పాలు తీసేస్తే మళ్లీ నడుస్తోంది. ఉబుంటులో మాత్రం అన్నీ చక్కగా వస్తున్నాయి.

ఇన్‌స్టిట్యూట్‌లో అడిగితే ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేసుకో అన్నారు. వచ్చే వారం ఒక కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ ఉంది, ఇక్కడ కరెక్టుగా వచ్చింది అక్కడ తప్పైతే ఏం చేయాలని టెన్షన్‌గా ఉంది. నా లాజిక్‌లో తప్పుందా, లేక మెషిన్‌లోనా?

---

బీటీఎం_అక్క

తమ్ముడూ, ముందు ఫార్మాట్ ఆలోచన మానుకో. నీ ల్యాప్‌టాప్‌కి ఏమీ కాలేదు, లాజిక్ కూడా బాగానే ఉంది. నువ్వు చెప్పకుండా వదిలేసిన మాటను రెండు మెషిన్లు రెండు రకాలుగా అర్థం చేసుకున్నాయి, అంతే. మూడింట్లోనూ జరిగింది అదే. నేను ఫ్యాక్టోరియల్ ఒక్కదాని గురించి చెబుతాను, అది నాకు బాగా తెలిసిన చోటు.

లాంగ్ అంటే ఎన్ని బైట్లో సీ స్టాండర్డ్ గట్టిగా చెప్పలేదు. కనీసం 32 బిట్లు ఉండాలి అని మాత్రమే అంది. కంప్యూటర్లు 64 బిట్‌కి మారినప్పుడు లినక్స్ వైపు వాళ్లు లాంగ్‌ని 8 బైట్లు చేసుకున్నారు. మైక్రోసాఫ్ట్ వాళ్లు పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని 4 బైట్లే ఉంచేశారు. 4 బైట్లలో పట్టే పెద్ద సంఖ్య 2147483647. 12 ఫ్యాక్టోరియల్ 479001600, అది పడుతుంది. 13ది ఆరు వందల కోట్లు దాటింది, పట్టదు. 6227020800లోంచి 2కి 32వ ఘాతం, అంటే 4294967296 తీసెయ్, మిగిలేది సరిగ్గా నీకొచ్చిన 1932053504. కాగితం మీద ఒకసారి చేసి చూడు, అప్పుడే బుర్రకెక్కుతుంది. ఇంకో మాట, ఇలా పట్టనప్పుడు ఏం రావాలో సీ భాష చెప్పనే లేదు, అందుకని ప్రతిసారీ ఇదే వస్తుందనీ అనుకోకు.

మా కాలేజీలో టర్బో సీ మీద నేర్పించారు, దాంట్లో ఇంట్‌కి 2 బైట్లే, 32767 దాటితే పట్టదు. ఇంట్ పెట్టి ఫ్యాక్టోరియల్ రాస్తే 7 దాకా సరిగ్గా వచ్చేది, 8కి 40320 రావాల్సింది మైనస్ 25216 అని వచ్చేది. ఫ్యాక్టోరియల్‌కి మైనస్ ఎలా వస్తుందని నేను రెండు రోజులు లూప్‌నే చూస్తూ కూర్చున్నాను, లూప్‌లో ఏమీ లేదు. నీకు 13 దగ్గర ఆగింది. మీ రూమ్మేట్‌ని 21 ఇచ్చి చూడమను, వాడిదీ మైనస్‌లోకి పోతుంది, ఎందుకంటే 8 బైట్లలో 20 ఫ్యాక్టోరియల్ దాకే పడుతుంది. అంటే వాడి ప్రోగ్రాం కరెక్టు, నీది తప్పు అని కాదు, ఇద్దరిదీ ఒకే తప్పు, వాడిది కాస్త దూరంలో ఉంది.

ఎన్ని బిట్లు కావాలో నువ్వే చెప్పు. స్టడింట్ అనే హెడర్ ఫైల్ ఉంది, సీ 99 నుంచి ఉంది, దాంట్లో ఇంట్64_టి అని టైపు ఉంటుంది, అది ఎక్కడైనా 64 బిట్లే. లేదంటే లాంగ్ లాంగ్ పెట్టుకో, అది కనీసం 64. ప్రింట్ఎఫ్‌లో కూడా ఎల్ రెండు సార్లు రాయాలి, చాలామంది టైపు మార్చి దీన్ని మర్చిపోయి ఆన్సర్ ఇంకా తప్పే వస్తోందంటారు. ఏ మెషిన్ మీద కూర్చున్నా మొదట ఇంట్‌కీ, లాంగ్‌కీ, పాయింటర్‌కీ ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ ప్రింట్ చేసి చూడు. నాలుగు లైన్ల ప్రోగ్రాం, ఆన్‌లైన్ టెస్ట్ పేజీలో కూడా అర నిమిషంలో అయిపోతుంది.

---

కర్నూలు_టైపు

పాలిండ్రోమ్ సంగతి నేను చెబుతాను బాబూ. నేను కంప్యూటర్ కంటే ముందు టైపు నేర్చుకున్నవాణ్ని, కర్నూల్లో లోయరు, హయ్యరు రెండూ పాసయ్యాను. టైపు మిషన్ చూశావా ఎప్పుడైనా? లైను చివరికి వచ్చాక గంట మోగుతుంది, అప్పుడు పక్కనున్న పిడి పట్టి నెడితే రెండు పనులు జరుగుతాయి. కాగితం ఒక లైను పైకి జరుగుతుంది, క్యారేజీ మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. టెలిప్రింటర్లలో ఈ రెండు పనులకూ రెండు వేరే గుర్తులు పెట్టారు. మొదటికి రావడానికి క్యారేజ్ రిటర్న్, దాని నంబరు 13. కాగితం జరగడానికి లైన్ ఫీడ్, దాని నంబరు 10.

విండోస్, అంతకు ముందు డాస్, ఈ రెండింటినీ అట్లాగే ఉంచుకున్నాయి. నువ్వు నోట్‌ప్యాడ్‌లో ఎంటర్ కొడితే ఫైల్‌లోకి 13, 10 రెండూ పోతాయి. యూనిక్స్, దాని దారిలో వచ్చిన లినక్స్ 10 ఒక్కటే చాలనుకున్నాయి. విండోస్‌లో సీ ప్లస్ ప్లస్ ఫైల్‌ని టెక్స్ట్‌గా తెరిచినప్పుడు ఆ 13ని నీకు చెప్పకుండానే తీసేస్తుంది, అందుకే నీకు 9. ఉబుంటులో తీసేవాడు లేడు, గెట్‌లైన్ 10 దగ్గర ఆగి దాని ముందున్న 13ని నీ మాటకే తగిలించి ఇచ్చేసింది. అదే నీకు కనపడని పదో అక్షరం. తిప్పితే అది మొదటికి వస్తుంది, ఇంక సమానం ఎట్లా అవుతుంది?

చదివిన వెంటనే, చివరి అక్షరం 13 అయితే తీసెయ్. ఒక్క ఇఫ్ చాలు. మనవాడు పంపిన ఫైల్ ఏ మెషిన్‌లో తయారైందో మనకు తెలియదు కాబట్టి, ఉన్నా లేకపోయినా నడిచేట్టు రాసుకోవాలి.

ఇంకా గట్టిగా చెప్పేది ఒకటుంది. కనపడని అక్షరం ఉందని అనుమానం వస్తే స్క్రీన్‌ని నమ్మవద్దు, నంబర్లు చూడు. ఒక్కో అక్షరాన్నీ ఇంట్‌గా మార్చి ప్రింట్ చేస్తే చివర్లో 13 బయటపడేది. పైథాన్‌లో అయితే రెప్ర్ అనే ఫంక్షన్ కనపడని అక్షరాన్ని కనపడేట్టు చూపిస్తుంది. ఉబుంటులో క్యాట్ కమాండ్‌కి పెద్ద ఏ పెట్టి ఫైల్ చూపిస్తే ప్రతి లైను చివరా టోపీ గుర్తు, ఎమ్ కనపడతాయి. షెల్ స్క్రిప్ట్‌ని విండోస్‌లో రాసి లినక్స్‌లో నడిపినప్పుడు బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్ అని వచ్చేదీ దీనివల్లే, దాంట్లో కూడా అదే టోపీ, ఎమ్ ఉంటాయి, ఇప్పుడు గుర్తుపడతావు.

---

వైట్‌ఫీల్డ్_లినక్స్

ఇంత కష్టం ఎందుకు, విండోస్ లోపలే లినక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకో. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మిన్‌గా తెరిచి డబ్ల్యూఎస్‌ఎల్ ఇన్‌స్టాల్ కమాండ్ కొడితే ఉబుంటు నీ ల్యాప్‌టాప్‌లోకే వస్తుంది. చాలా ఆన్‌లైన్ టెస్టులు వెనకాల లినక్స్‌లోనే నడుస్తాయి, కాబట్టి అక్కడొచ్చే ఆన్సరే ఇక్కడా వస్తుంది. నేను రెండేళ్లుగా అలాగే చేస్తున్నాను. కంపైల్ చేసేటప్పుడు వార్నింగులు ఆన్ చెయ్, వాల్, ఎక్స్‌ట్రా అనే రెండు ఆప్షన్లూ పెట్టు. దాంతోపాటు అడ్రస్ శానిటైజర్ పెట్టుకో, అర్రే హద్దు దాటితే ఏ లైనులో దాటావో చెబుతుంది. కోనియో హెడర్, క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ ఇవన్నీ నీ కోడ్‌లో ఉంటే ఈరోజే తీసెయ్, లినక్స్‌లో అవి ఉండవు, టెస్ట్‌లో కంపైల్ కూడా కాదు.

---

బీటీఎం_అక్క

డబ్ల్యూఎస్‌ఎల్ మంచిదే, శానిటైజర్ సలహా ఇంకా మంచిది, వచ్చే వారం టెస్ట్ ఉంది కాబట్టి తమ్ముడు తప్పకుండా వేసుకోవాలి. కానీ ఒక్క లినక్స్‌కే మారిపోతే సరిపోతుందంటే నేను ఒప్పుకోను. వాడి ఖర్చుల ప్రోగ్రాం రూములో నలుగురూ వాడాలి, అందులో ముగ్గురిది విండోసే అయి ఉంటుంది. ఉద్యోగంలో చేరాక కూడా అంతే, మనం రాసేది ఒక చోట, నడిచేది ఇంకో చోట. ఇప్పుడు వాడికి దొరికిన అదృష్టం పక్క మంచం మీద వేరే సిస్టమ్ ఉండడం. ఇద్దరివీ పోల్చుకోబట్టే మూడు తప్పులు బయటపడ్డాయి, ఒక్క విండోసే ఉంటే మలయాళం ప్రోగ్రాం కరెక్టనే అనుకుని వదిలేసేవాడు. ఆ అలవాటు మానొద్దు తమ్ముడూ, రోజూ రెండింట్లో రన్ చెయ్.

---

హెబ్బాళ_యూనికోడ్

పాలు దగ్గర ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు, నాకు ఈ విషయం మీద చాలా ఇష్టం, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఫైల్‌లో ఉండేవి అక్షరాలు కావు, బైట్లు. ఏ అక్షరానికి ఏ బైట్లో చెప్పే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. నోట్‌ప్యాడ్ ఇప్పుడు మామూలుగా యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తుంది, దాంట్లో మన తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతం గుర్తుకీ మూడేసి బైట్లు. పైథాన్‌లో ఓపెన్ అని రాసి ఏ ఎన్‌కోడింగో చెప్పకపోతే అది సిస్టమ్‌ని అడుగుతుంది. ఉబుంటు యూటీఎఫ్-8 అంటుంది. మన దగ్గర ఇంగ్లీష్ సెట్టింగుతో వచ్చే విండోస్ మాత్రం 1252 అనే పాత పట్టిక చెబుతుంది. పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పట్టిక అది, దాంట్లో ఒక బైటుకి ఒక అక్షరం. అంటే మన మూడు బైట్ల ఒక్క అక్షరం మూడు వేరే అక్షరాలుగా కనపడుతుంది. తెలుగు అక్షరాల మొదటి బైటు ఎప్పుడూ హెక్సాడెసిమల్‌లో, అంటే 0 నుంచి 9, ఆ పైన ఇంగ్లీష్ ఏ నుంచి ఎఫ్ దాకా పదహారు అంకెలుండే లెక్కలో, ఈ0. 1252లో ఈ0 అంటే ఏ మీద గీత. నీకు వరసగా కనపడ్డది అదే.

ఇంక పాలు సంగతి. ఆ 1252 పట్టికలో ఐదు గడులు ఖాళీ. 81, 8డి, 8ఎఫ్, 90, 9డి. టీ, కూర అనే మాటల్లోని బైట్లలో ఈ ఐదింట్లో ఒక్కటీ లేదు, అందుకే తప్పుగానైనా ఏదో ఒకటి చూపించింది. పాలు చివర కొమ్ముంది చూడు, కొమ్ముకి మూడు బైట్లు ఈ0, బి1, 81. ఆ 81 ఖాళీ గడి. దానికి అక్షరమే లేదు కాబట్టి పైథాన్ చదవలేనని ఆగిపోయింది. ఎర్రర్ మెసేజ్ చివర్లో క్యారెక్టర్ మ్యాప్ అనీ, సున్నా ఎక్స్ 81 అనీ ఉంటుంది, ఒకసారి చూసి చెప్పు. గ్యాస్ అని రాసినా ఆగిపోతుంది, కానీ అప్పుడు 8డి అంటుంది, ఎందుకంటే పొల్లు చివరి బైటు అది. ఒత్తులన్నింట్లోనూ పొల్లు దాగి ఉంటుంది. కొమ్మూ ఒత్తూ లేకుండా తెలుగులో ఎన్ని లైన్లు రాయగలం? అందుకే మనవాళ్లు తెలుగు ఫైల్‌ని విండోస్‌లో చదివించబోతే దాదాపు ప్రతివాడికీ ఈ రెండు నంబర్లే ఎదురవుతాయి.

ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ ఈక్వల్‌టు యూటీఎఫ్-8 అని రాయి, చదివేటప్పుడూ రాసేటప్పుడూ రెండుసార్లూ. ఎక్సెల్‌లో సేవ్ చేసిన సీఎస్‌వీ అయితే మొదట్లో కనపడని గుర్తు ఒకటి పెట్టి ఉండొచ్చు, అప్పుడు మొదటి కాలమ్ పేరు దొరకడం లేదని ఎర్రర్ వస్తుంది, దానికి యూటీఎఫ్-8-సిగ్ అని రాస్తే సరిపోతుంది. పైథాన్ వాళ్లు కూడా 3.15 నుంచి అన్ని సిస్టమ్‌లలో యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు, అయినా నువ్వు రాయడం మానకు, నీ ప్రోగ్రాం ఏ వెర్షన్ మీద నడుస్తుందో నీ చేతిలో ఉండదు.

---

అనంతపురం_అబ్బాయి

అక్కా, అన్నా, అందరికీ థాంక్స్, నిన్న రాత్రి ఒంటి గంట దాకా కూర్చున్నాను. ఎర్రర్ మెసేజ్‌లో నిజంగానే 81 ఉంది! గ్యాస్ అని రాస్తే 8డి వచ్చింది. నెల రోజులుగా ఆ ఎర్రర్ చూస్తున్నా దాంట్లో అర్థం ఉంటుందని అనుకోలేదు. ఎన్‌కోడింగ్ రాశాక పాలు, గ్యాస్, కూర అన్నీ వచ్చాయి. ఫ్యాక్టోరియల్ 20 దాకా ఇద్దరికీ ఒకటే, 21కి వాడిది మైనస్ 4249290049419214848 వచ్చింది, అక్క చెప్పినట్టే. మలయాళం కూడా రెండింట్లో 9.

ఇంకో రెండు. ఖర్చుల ఫైల్‌ని డి డ్రైవ్‌లో నోట్స్ అనే ఫోల్డర్‌లో పెట్టి దారి ఇస్తే ఫైల్ లేదంటోంది, ఉంది, కళ్లతో చూస్తున్నాను. రెండోది, ఉత్సాహం వచ్చి పాలిండ్రోమ్ పైథాన్‌లో తెలుగులో చేశాను, వికటకవి అని ఇచ్చాను. కాదంటోంది. ఈసారి రెండు ల్యాప్‌టాప్‌ల్లోనూ కాదంటోంది, 13 కూడా లేదు, నంబర్లు చూశాను.

---

కర్నూలు_టైపు

నోట్స్‌కి ముందు వెనక్కి వాలిన గీత ఉంది కదా, దాని పక్కన చిన్న ఎన్ వస్తే భాష దాన్ని కొత్త లైను అనుకుంటుంది. నీ దారి మధ్యలో విరిగిపోయింది. ముందుకు వాలిన గీత పెట్టు, విండోస్‌లో కూడా ఫైల్ తెరవడానికి అది నడుస్తుంది. డాస్ మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లే లేవు, ముందుకు వాలిన గీతని కమాండ్ల ఆప్షన్లకి వాడేసుకున్నారు, 1983లో 2.0తో ఫోల్డర్లు వచ్చేసరికి అది ఖాళీగా లేక వెనక్కి వాలినది తీసుకున్నారు, ఆ తేడా ఇప్పటికీ మోస్తున్నాం. పైథాన్‌లో పాత్‌లిబ్ అనే లైబ్రరీ నేర్చుకుంటే గీతల గొడవే ఉండదు. ఫైల్ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టుకో, విండోస్‌కి పెద్ద డి, చిన్న డి ఒకటే, ఉబుంటుకి వేరు.

---

హెబ్బాళ_యూనికోడ్

వికటకవి! సరైన మాట పట్టుకున్నావు. మన కంటికి వి, క, ట, క, వి అని ఐదు అక్షరాలు. పైథాన్‌కి వ, గుడి, క, ట, క, వ, గుడి అని ఏడు. సీలో స్ట్రింగ్ పొడవు అడిగితే యూటీఎఫ్-8లో 21 అంటుంది, ఏడు మూళ్లు. నువ్వు తిప్పినప్పుడు గుడి ముందుకొచ్చి, వ దాని తర్వాత పడింది. గుడి తాను అంటుకోవాల్సిన హల్లుని వదిలేసింది కాబట్టి మాటే మారిపోయింది. ఇది విండోస్, లినక్స్ తేడా కాదు, అందుకే రెండు చోట్లా ఒకటే తప్పు. అక్షరం అంటే ఏంటో ఈసారి కూడా నువ్వు చెప్పలేదు.

పిప్‌తో రెజెక్స్ అనే లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసుకో, పైథాన్‌తో వచ్చే ఆర్ఈ కాదు, వేరేది. దాంట్లో వెనక్కి వాలిన గీత, పెద్ద ఎక్స్ రాస్తే హల్లూ దాని గుణింతం కలిపి ఒక ముక్కగా ఇస్తుంది. ఆ ముక్కల లిస్టుని తిప్పి పోల్చు. ఒత్తులున్న మాటల దగ్గర జాగ్రత్త. అమ్మ అనే మాటని కొన్ని రెండు ముక్కలంటాయి, కొన్ని మూడంటాయి. పొల్లుతో కలిసిన హల్లుల్ని విడదీయకూడదనే నియమం, అన్ని లిపుల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్ ప్రమాణంలో 2023లో 15.1 వెర్షన్‌తో వచ్చింది, లైబ్రరీ అంతకంటే పాత నియమాల మీద ఉంటే మ్, మ అని విడిపోతుంది. మీ ఇద్దరి ల్యాప్‌టాప్‌ల్లో వేరే వెర్షన్లుంటే మళ్లీ తేడా రావచ్చు, కాబట్టి అమ్మతో టెస్ట్ చేసి, ఇద్దరూ ఒకే వెర్షన్ వేసుకోండి.

ఖర్చుల ఫైల్‌లో ఒకటి ముందే చెబుతున్నాను. నలుగురు నాలుగు కీబోర్డుల మీద టైపు చేస్తారు కదా, ఫోన్‌బిల్లు లాంటి మాటలో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా కనపడని గుర్తు ఒకటి పెడతారు, 200సి దాని నంబరు. ఒకరు పెట్టి ఒకరు వేరే రకంగా రాస్తే ఒకే ఖర్చు రెండు పేర్లతో వస్తుంది. అలాగే ఐత్వం ఒకటిగా ఉండొచ్చు, ఎత్వం, దాని కింద గుర్తు అని రెండుగానూ ఉండొచ్చు. చదివిన వెంటనే 200సి తీసేసి, యూనికోడ్‌డేటాలో నార్మలైజ్‌ని ఎన్ఎఫ్‌సీతో పిలువు, అది రెండుగా ఉన్న ఐత్వాన్ని ఒకటిగా కలిపేస్తుంది, ఆ తర్వాతే లెక్క కూడు.

---

అనంతపురం_అబ్బాయి

వికటకవి రెండింట్లోనూ పాలిండ్రోమ్, ముక్కలు ఐదు. అమ్మకి నాకు మూడు, రూమ్మేట్‌కీ మూడే. ఇద్దరి వెర్షన్లూ ఒకటే, అందుకే పొల్లు కనపడితే తర్వాతి ముక్కని కలిపేసే చిన్న ఫంక్షన్ నేనే రాశాను, ఇప్పుడు రెండు వస్తోంది. ఫోన్‌బిల్లు నిజంగానే రెండుసార్లు పడి ఉంది, ఒకటి నాది, ఒకటి నెల్లూరు అబ్బాయిది, 200సి తీసేశాక ఈ నెల లెక్క నలుగురి దగ్గరా ఒకటే చూపిస్తోంది. డబ్ల్యూఎస్‌ఎల్ ఈ రాత్రికి దిగుతోంది, టెస్ట్ బుధవారం.